‘వేస్ట్ పిక్’ అనే ముందు, ఎంచుకున్నోళ్ల బాధ్యత సంగతి మాట్లాడుదాం



ఈ పోస్టు కొంచెం పెద్దది. పైగా మన ఊళ్లలో ఎవరూ ఆడని ఆట గురించి. ఐస్ హాకీ. హాకీ అంటే మనకు గుర్తొచ్చేది జైపాల్ సింగ్ ముండా గారు, 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో బంగారు పతకం గెలిచిన జట్టు కెప్టెన్. ఈ తరంలో అయితే ఝార్ఖండ్ సిమ్‌డేగా నుంచి వచ్చిన సలీమా టెటె. వాళ్లది నేల మీద హాకీ. నేను చెప్పేది కాళ్లకు స్కేట్స్ కట్టుకుని, బంతికి బదులు పక్ అనే గుండ్రటి రబ్బరు బిళ్లతో మంచు మీద ఆడే హాకీ. దాని మీద కెనడాలో నడిచిన ఒక వాదన మన హాస్టల్ పిల్లలకు పనికొస్తదనిపించి రాస్తున్నా. ఓపికగా చదవండి, నచ్చకపోతే కింద తిట్టండి.

నా మాట ముందే చెప్పేస్తా. పద్దెనిమిదేళ్ల పిలగాడు పెద్ద చోటికి వచ్చి తడబడుతుంటే జనం రెండే మాటలంటారు. ఒకటి, "వేస్ట్". రెండోది, "టైమ్ ఇవ్వండి". మొదటి మాట తొందరపాటు అని మనలో చాలామంది ఒప్పుకుంటాం. కానీ రెండోది కూడా సగం మాటే. టైమ్ ఇచ్చి, పక్కన ఎవరినీ నిలబెట్టకపోతే దాన్ని ఓపిక అనరు. వదిలేయడం అంటారు.

ముందు డ్రాఫ్ట్ అంటే ఏంటో చెప్తా, తెలియనోళ్ల కోసం. అమెరికా, కెనడాల్లో హాకీకి పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్. మొత్తం 32 జట్లు. కుర్రాళ్లను తీసుకోవడానికి అక్కడ ఐపీఎల్ లాగా వేలం ఉండదు. ప్రతి ఏడాది 18 ఏళ్ల వయసుకొచ్చిన ఆటగాళ్లను జట్లు వరసగా ఒక్కొక్కరిని పిలుచుకుంటాయి. కింది స్థానాల్లో ఉన్న జట్లకు ముందు వంతు వచ్చేలా లాటరీ తీస్తారు. కుర్రాడు "నేను ఫలానా జట్టుకి పోతా" అని అడగలేడు. ఎవరు పేరు పిలిస్తే వాళ్లకే అతని మీద హక్కు. మన కౌన్సెలింగ్‌లో ర్యాంకు తక్కువో ఎక్కువో, కనీసం వెబ్ ఆప్షన్లు మనం పెట్టుకుంటాం. అక్కడ ఆప్షన్లు పెట్టేది జట్టు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని దగ్గరికే వస్తా.

2021-22 సీజన్‌లో మాంట్రియల్ కెనేడియన్స్ 32 జట్లలో 32వ స్థానంలో నిలిచింది. లాటరీలో మొదటి పిక్ కూడా వాళ్లకే తగిలింది. ఆ ఏడాది డ్రాఫ్ట్ జరిగింది కూడా వాళ్ల సొంత స్టేడియం బెల్ సెంటర్‌లోనే, 2022 జూలై 7న. చాలాకాలంగా మొదటి పిక్ అని అందరూ అనుకుంటూ వచ్చిన కుర్రాడు షేన్ రైట్. కెనడావాడే, సెంటర్ స్థానంలో ఆడతాడు. స్టేడియంలో చాలామంది ఆ పేరు కోసమే చూస్తున్నారు. జట్టు మాత్రం యురాయ్ స్లాఫ్కోవ్‌స్కీ అనే పేరు పిలిచింది.

ఎవరీ స్లాఫ్కోవ్‌స్కీ? స్లొవేకియా దేశం, కోషిత్సే ఊరు. 2004 మార్చి 30న పుట్టాడు. ఆరడుగులు దాటిన మనిషి, వింగర్. 2022 ఫిబ్రవరి బీజింగ్ ఒలింపిక్స్‌లో 17 ఏళ్ల వయసులో 7 గోల్స్ కొట్టి టోర్నీ మొత్తానికి ఉత్తమ ఆటగాడయ్యాడు, స్లొవేకియాకి కంచు పతకం వచ్చింది. ఆ దేశం నుంచి డ్రాఫ్ట్‌లో మొదటి పిక్‌గా పోయినవాడు అంతకుముందు ఎవరూ లేరు. ఇదంతా ఒకవైపు. అదే ఏడాది ఫిన్‌లాండ్ లీగ్‌లో టీపీఎస్ జట్టుకి 31 మ్యాచ్‌లాడితే వచ్చినవి 10 పాయింట్లే. హాకీలో గోల్ కొడితే ఒక పాయింట్, గోల్‌కి పాస్ ఇస్తే ఒక పాయింట్. అంటే మూడు మ్యాచ్‌లకు ఒకటి. నమ్మేవాళ్లు ఒలింపిక్స్ చూపించారు, నమ్మనోళ్లు ఫిన్‌లాండ్ అంకెలు చూపించారు. షేన్ రైట్ నాలుగో పిక్ దాకా జారి సియాటిల్‌కి పోయాడు.

మాంట్రియల్ అభిమానులకు ఈ భయం ఊరికే రాలేదు. దాని వెనక ఒక పాత గాయం ఉంది. ఆ జట్టుకి అంతకుముందు మొదటి పిక్ వచ్చింది 1980లో. ఆ రోజు డ్రాఫ్ట్ జరిగింది కూడా మాంట్రియల్‌లోనే. వాళ్లు డగ్ వికెన్‌హైజర్‌ని ఎంచుకున్నారు. ఆ ఊళ్లోనే పెరిగిన డెనిస్ సవార్డ్‌ని వదిలేశారు. సవార్డ్ మూడో పిక్‌గా చికాగోకి పోయి 1,338 పాయింట్లు సాధించి హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. వికెన్‌హైజర్ ఎన్‌హెచ్‌ఎల్‌లో 556 మ్యాచ్‌లాడి 276 పాయింట్ల దగ్గర ఆగాడు. 1999లో క్యాన్సర్‌తో 37 ఏళ్లకే చనిపోయాడు. ఆయన చేసిన నేరం ఏంటి? ఆయనేం డ్రాఫ్ట్ టేబుల్ దగ్గర కూర్చుని తన పేరు తానే పిలుచుకోలేదు గదా. ఎంచుకున్నది పెద్దోళ్లు. కానీ నలభై ఏళ్ల తర్వాత కూడా తప్పుకు గుర్తుగా జనం చెప్పుకునేది ఆ పిలగాడి పేరే.

సరే, స్లాఫ్కోవ్‌స్కీ మొదటి సీజన్. 39 మ్యాచ్‌లు, 4 గోల్స్, 6 అసిస్టులు. మొత్తం 10 పాయింట్లు. మ్యాచ్‌కి సగటున 12 నిమిషాలే ఆట. తల దించుకుని పక్ చూసుకుంటూ పోయి ఎదుటోళ్ల పెద్ద పెద్ద గుద్దులు తిన్నాడు. 2023 జనవరిలో గాయమై సీజన్ అక్కడితో అయిపోయింది. మాంట్రియల్‌లో చలికాలం మ్యాచ్ రాత్రి 7కి మొదలైతే మనకు తెల్లవారి 5:30. మా హాస్టల్‌లో నీళ్ల కోసం లైన్ కట్టే టైమ్. అట్లా బకెట్ పక్కన పెట్టుకుని ఫోన్‌లో స్కోర్లు, ముక్కలు ముక్కలుగా వీడియోలు చూస్తూ ఈ గొడవను ఫాలో అయినవాణ్ని నేను. అప్పుడు అభిమానుల్లో నాలుగు పార్టీలు కనిపించాయి.

ఒకటో పార్టీ: కిందికి పంపండి. ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కింద ఏహెచ్‌ఎల్ అనే లీగ్ ఉంది. మాంట్రియల్ వాళ్ల ఏహెచ్‌ఎల్ జట్టు పక్కనే లవాల్‌లో ఉంది, పేరు లవాల్ రాకెట్. అక్కడైతే రోజుకి 18, 20 నిమిషాలు ఆడతాడు, పక్ ఎక్కువసేపు తన దగ్గరుంటది, తప్పులు చేసి నేర్చుకుంటాడు అని వీళ్ల వాదన. కెనడా జూనియర్ లీగ్ నుంచి వచ్చే పిల్లలకు సాధారణంగా 20 ఏళ్లలోపు ఏహెచ్‌ఎల్ ఆడే వీలు లేదు. ఇతను యూరప్ నుంచి వచ్చాడు కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. ఇంకో లెక్క కూడా చెప్పారు. 18, 19 ఏళ్ల ఆటగాడు సీజన్‌లో 10 కంటే తక్కువ మ్యాచ్‌లాడితే అతని మొదటి ఒప్పందం ఒక ఏడాది ముందుకు జరుగుతది. జట్టుకి డబ్బు కలిసొస్తది.

రెండో పార్టీ: ఇక్కడే ఉంచండి. పెద్ద లీగ్ వేగం పెద్ద లీగ్‌లోనే అలవాటవుతది. కింద లీగ్‌లో వీడి ఒడ్డూ పొడుగూ చూసి ఎవరూ దగ్గరికి రారు, చెడ్డ అలవాట్లు పడతాయి. ఇక్కడైతే కోచ్ కళ్లముందు ఉంటాడు.

మూడో పార్టీ: వేస్ట్. షేన్ రైట్‌ని తీసుకోవాల్సింది. వీళ్లకు రుజువు అక్కర్లేదు, 1980 చాలు.

నాలుగో పార్టీ: టైమ్ ఇవ్వండి. పిల్లోడు, 18 ఏళ్లే.

ఒకటి, రెండు పార్టీలంటే నాకు గౌరవం. వాళ్లు ఆట గురించి మాట్లాడారు. "ఏ పని నేర్చుకోవాలి, అది ఎక్కడ బాగా వస్తది" అని అడిగారు. మూడో పార్టీ పిలగాడి గురించి కాక, తమ బాధ గురించి మాట్లాడింది. నాలుగో పార్టీ మంచి మనసుతోనే అన్నది కానీ, ఆ టైమ్‌లో ఎవరు ఏం చేయాలో చెప్పలేదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2023-24 సీజన్ మొదట్లోనూ అంకెలు పెద్దగా కదల్లేదు. అరుపులు మళ్లీ మొదలయ్యాయి. జట్టు మాత్రం అతన్ని కిందికి పంపలేదు. డిసెంబర్‌లో కోచ్ మార్టిన్ సెయింట్ లూయీ అతన్ని కెప్టెన్ నిక్ సుజుకి, కోల్ కాఫీల్డ్‌లతో కలిపి మొదటి లైన్‌లో పెట్టాడు. లైన్ అంటే కలిసి మంచు మీదికి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు. సుజుకి ఆ ఏడాది 77 పాయింట్లు తెచ్చిన మనిషి. అంటే తడబడుతున్న కుర్రాణ్ని మూలన కూర్చోబెట్టకుండా, జట్టులో అందరికంటే బాగా ఆడేవాళ్ల మధ్య నిలబెట్టారు. పని కూడా తేల్చి చెప్పినట్టు ఆటలో కనిపించింది. గోడ దగ్గర పక్ గెలవాలి, గోల్ ముందు నిలబడాలి, వీళ్లిద్దరికీ చోటు చేయాలి. సీజన్ అయ్యేసరికి 82 మ్యాచ్‌లు, 20 గోల్స్, 30 అసిస్టులు, 50 పాయింట్లు. 2024 ఏప్రిల్ 9న ఫిలడెల్ఫియా మీద హ్యాట్రిక్ కొట్టాడు, వందేళ్లు దాటిన ఆ క్లబ్ చరిత్రలో అంత చిన్న వయసులో హ్యాట్రిక్ కొట్టినోడు లేడు. ఆ జూలై 1న ఏడాదికి 76 లక్షల డాలర్ల చొప్పున 8 ఏళ్ల ఒప్పందం. తర్వాతి సీజన్‌లో 51 పాయింట్లు, జట్టు 2021 తర్వాత మళ్లీ ప్లేఆఫ్స్‌కి చేరింది.

ఇక్కడ "చూశారా, రెండో పార్టీ గెలిచింది, ఇక్కడే ఉంచడం కరెక్ట్" అని తీర్పు చెప్పేయొచ్చు. నేను చెప్పను. ఎందుకంటే షేన్ రైట్ కథ కూడా ఉంది.

రైట్‌ని సియాటిల్ పూర్తిగా వేరే దారిలో నడిపింది. మొదటి ఏడాది ఎన్‌హెచ్‌ఎల్‌లో 8 మ్యాచ్‌లే ఆడించి తిరిగి జూనియర్ లీగ్‌కి పంపారు. రెండో ఏడాది దాదాపు అంతా ఏహెచ్‌ఎల్‌లో, కోచెల్లా వ్యాలీ జట్టుకి ఆడాడు. 59 మ్యాచ్‌లు, 47 పాయింట్లు. మూడో ఏడాది, అంటే 2024-25లో, ఎన్‌హెచ్‌ఎల్‌లో 79 మ్యాచ్‌లాడి 19 గోల్స్, 44 పాయింట్లు తెచ్చాడు. ఒకడు పైనే ఉండి 51, ఒకడు మెట్లు దిగి మళ్లీ ఎక్కి 44. గోల్స్ చూస్తే స్లాఫ్కోవ్‌స్కీకి 18, రైట్‌కి 19. మూడేళ్లు అభిమానులు "పైనా, కిందా" అని కొట్టుకున్నారు. చివరికి ఇద్దరూ దాదాపు ఒకే ఎత్తులో తేలారు. అంటే ఆ ప్రశ్నే అంత పెద్దది కాదు. ఏ మెట్టు మీద ఉన్నా రోజూ ఆట ఉందా, నేర్పే మనిషి ఉన్నాడా, చేయాల్సిన పని తెలుసా అన్నదే అసలు ప్రశ్న.

అట్లాగని పైనే ఉంచి టైమ్ ఇస్తే అందరూ అయిపోతారా? అదే మాంట్రియల్‌లో అంతకుముందు జరిగిన సంగతి చూడండి. 2018లో మూడో పిక్‌గా ఫిన్‌లాండ్ కుర్రాడు యెస్పెరి కొట్కానియెమిని తీసుకున్నారు. 18 ఏళ్లకే ఆడించారు. మొదటి సీజన్ 79 మ్యాచ్‌ల్లో 34 పాయింట్లు, అందరూ భుజాలకెత్తుకున్నారు. రెండో సీజన్ 36 మ్యాచ్‌ల్లో 8 పాయింట్లు, లవాల్‌కి పంపారు. మళ్లీ తెచ్చారు. 2021 ఫైనల్‌కి జట్టు చేరినప్పుడు చివరి మ్యాచ్‌ల్లో బయట కూర్చోబెట్టారు. ఆ వేసవిలో కరొలైనా జట్టు ఒక ఏడాదికి 61 లక్షల డాలర్లు ఇస్తామంటే మాంట్రియల్ దానికి సరితూగే ఆఫర్ ఇవ్వకుండా వదిలేసింది. మూడేళ్లలో ఎత్తడం, దించడం, వదిలేయడం అన్నీ అయిపోయాయి. అతనికి టైమ్ ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. కానీ బయట నుంచి చూసే నాకు ఆ టైమ్‌లో ఒక దారి కనిపించలేదు. అందుకే అంటున్నా, "టైమ్ ఇవ్వండి" అన్నది సగం మాటే అని.

స్లాఫ్కోవ్‌స్కీ వచ్చేసరికి జట్టులో రెండు విషయాలు మారాయి. 2022 ఫిబ్రవరిలో కోచ్‌గా వచ్చిన మార్టిన్ సెయింట్ లూయీ ఎవరో తెలుసా? ఆయన్ని అసలు ఏ జట్టూ డ్రాఫ్ట్‌లో పిలవలేదు. ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి, "పొట్టోడు, పనికిరాడు" అనిపించుకున్నవాడు. కాల్గరీ వదిలేస్తే టాంపా తీసుకుంది. 2003-04లో లీగ్‌లో అందరికంటే ఎక్కువ పాయింట్లు, ఉత్తమ ఆటగాడిగా హార్ట్ ట్రోఫీ, జట్టుకి స్టాన్లీ కప్, అన్నీ ఒకే ఏడాది. మాంట్రియల్‌కి రాకముందు ఆయన నేర్పింది చిన్నపిల్లల జట్లకు. రెండోది, కుర్రాళ్ల ఆట మెరుగుపరచడమే పనిగా ఆడమ్ నికొలస్ అనే మనిషిని అదే ఏడాది ప్రత్యేకంగా పెట్టుకున్నారు. కిందపడి లేచినవాడు ఒకడు, నేర్పడమే ఉద్యోగంగా ఉన్నవాడు ఇంకొకడు. నా లెక్కలో అభిమానుల నాలుగు పార్టీల కంటే ఈ ఇద్దరి పని ఎక్కువ.

ఇప్పుడు మనోళ్ల సంగతి. కెనడాలోనూ ఆదివాసులున్నారు, ఫస్ట్ నేషన్స్ అంటారు. ఇదే మాంట్రియల్‌కి గోలీగా ఆడిన కేరీ ప్రైస్ తల్లి ఉల్కాచో ఫస్ట్ నేషన్‌కి చెందినవారు, ఆ సమాజానికి చీఫ్‌గా కూడా చేశారు. వాళ్లది బ్రిటిష్ కొలంబియాలో అనాహిమ్ లేక్ అనే మారుమూల ఊరు. ప్రాక్టీస్‌కి విలియమ్స్ లేక్ పోవాలంటే రోడ్డు మీద 300 కిలోమీటర్లకు పైనే. వాళ్ల నాన్న చివరికి చిన్న విమానం కొని తీసుకెళ్లేవాడు. 2005లో మాంట్రియల్ ప్రైస్‌ని ఐదో పిక్‌గా తీసుకుంటే, జట్టులో మంచి గోలీ ఉండగా మళ్లీ గోలీ ఎందుకని గొడవ. 2007లో ఏహెచ్‌ఎల్‌లో హామిల్టన్‌కి కప్పు గెలిపించాడు. తర్వాత పెద్ద జట్టులో తడబడ్డాడు. 2010 ప్లేఆఫ్స్‌లో అతన్ని పక్కనపెట్టి యరోస్లావ్ హలాక్ ఆడాడు, హీరో అయ్యాడు. జట్టు మాత్రం ఆ వేసవిలో హలాక్‌ని వేరే జట్టుకి ఇచ్చేసి ప్రైస్‌నే ఉంచుకుంది. ఆ సెప్టెంబర్‌లో ప్రాక్టీస్ మ్యాచ్‌లోనే సొంత ఊరి జనం ప్రైస్‌ని హేళన చేశారు. వయసు 23.

అదే ప్రైస్ 2014-15లో 44 మ్యాచ్‌లు గెలిపించి, ఉత్తమ గోలీకిచ్చే వెజినా, ఉత్తమ ఆటగాడికిచ్చే హార్ట్, రెండు ట్రోఫీలూ తీసుకున్నాడు. ఆ వేదిక మీద ఫస్ట్ నేషన్స్ పిల్లల గురించి మాట్లాడాడు. మీ సమాజాల్లో మీరు నాయకులు కావాలి, మన వారసత్వం చూసి గర్వపడండి, మనలాంటోళ్లకు కాదనిపించే దాన్ని చూసి వెనకడుగు వేయొద్దు అనే అర్థంలో. ఆ వీడియో దొరికితే చూడండి.

ఇంకొకరు జొనాథన్ చీచూ. ఓంటారియోలో మూస్ ఫ్యాక్టరీ అనే ఊరు, క్రీ తెగ. 1998లో 29వ పిక్‌గా శాన్ హోసే తీసుకుంది. వెంటనే ఆడించలేదు. కింది లీగ్‌లో ఉంచి 2002-03లో పైకి తెచ్చారు. ఆ ఏడాది 9 గోల్స్. మూడేళ్లు తిరగకముందే 2005-06లో 56 గోల్స్, లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ. డ్రాఫ్ట్ అయ్యాక ఏడెనిమిదేళ్లు పట్టింది. తర్వాత గాయాలతో ఆట తగ్గిపోయింది, అది కూడా నిజమే. ఏ కథా సినిమా లాగా ఉండదు.

ఇప్పుడు మన హాస్టల్‌కి రండి. ఈ పోలిక ఎక్కడిదాకా నిలబడతదో కూడా చెప్పాలి. స్లాఫ్కోవ్‌స్కీకి తడబడిన ఏడాదిలోనే లక్షల డాలర్ల జీతం. మనకు స్కాలర్‌షిప్ ఎప్పుడు పడతదో తెలియదు. అతను ఫెయిలైనా యూరప్‌లో ఇంకో జట్టు దొరుకుతది. మనలో ఒకడు ఇంటికి తిరిగిపోతే ఆ ఊళ్లో తర్వాతి పదిమంది పిల్లలకు "ఆడు చదివి ఏం పీకిండు" అనే మాట మిగులుతది. కాబట్టి మనకు జరిగే నష్టం పెద్దది. కానీ మన గురించి జరిగే వాదన మాత్రం అచ్చం అదే.

గురుకులంలో, ఆశ్రమ పాఠశాలలో తెలుగులో అర్థం చేసుకుని చదివిన పిలగాడు, ఇంట్లో కోయ మాట, గోండి మాట, లంబాడీ మాట మాట్లాడినోడు, ఒక్కసారిగా సిటీ కాలేజీలో పడతాడు. సార్ బోర్డు వైపు తిరిగి ఇంగ్లిష్‌లో చెప్పుకుంటూ పోతాడు. మొదటి సెమిస్టర్‌లో మూడు సబ్జెక్టులు పోతాయి. అప్పుడు క్లాసులో మూడో పార్టీ లేస్తది: "కోటాలో వచ్చిండు, సీటు వేస్ట్." ఈ మాట నా చెవులారా విన్నా. అన్నది తోటి విద్యార్థి. పక్కనే ఉన్న సార్ విననట్టు పోయిండు. పిక్ వేస్ట్, సీటు వేస్ట్. భాష కూడా ఒకటే. రెండిట్లోనూ తప్పు మోసేది ఆఖరున వచ్చిన పిలగాడే. సీటిచ్చిన సంస్థ, ఆ పిలగాడు నిలబడడానికి తానేం చేసిందో ఎవరికీ లెక్క చెప్పదు.

ఇది చిన్న కాలేజీల సంగతే కాదు. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాదిలో సీజీపీఏ 5 దాటలేదని 70 మందికి పైగా విద్యార్థులను తీసేసింది. కోర్టుదాకా పోయింది. దేశమంతా గొడవయ్యాక మళ్లీ ఒక అవకాశం ఇచ్చారు. ఇంకోవైపు అవే ఐఐటీల్లో, కటాఫ్ కొద్దిలో తప్పిన రిజర్వుడ్ విద్యార్థుల కోసం ఏడాది ప్రిపరేటరీ కోర్సు ఉంది. అది పాసైతే మరుసటి ఏడాది నేరుగా మొదటి సంవత్సరం సీటు. హాకీ భాషలో చెప్పాలంటే అది ఏహెచ్‌ఎల్. కొందరు దాన్ని చిన్నచూపు చూస్తారు. షేన్ రైట్ దిగిన మెట్టు అలాంటిదే అని నేనంటా. మెట్టు దిగడంలో అవమానం లేదు, ఆ మెట్టు మీద నేర్పే మనిషి ఉంటే.

"మరి అందరికీ టైమ్ ఇస్తూ పోతే చదవనోడు కూడా అదే సాకు చెప్తాడు గదా" అని గ్రూపులో కొందరు అన్నలు అడుగుతారు. నిజమే, అడగాలి. స్లాఫ్కోవ్‌స్కీ ఆట మారకపోతే కోచ్ ఎంత మంచోడైనా ఏం చేయగలడు? నేర్పేవాళ్లు ఉండాలన్నాను, నేర్చుకునే కష్టం అక్కర్లేదు అనలేదు. కానీ లెక్క అడిగేటప్పుడు రెండు వైపులా అడుగుదాం. పిలగాణ్ని "క్లాసుకి పోయినవా, చదివినవా" అని అడిగిన నోటితోనే "వీడికి అర్థమయ్యే భాషలో ఒక్కసారైనా ఎవరన్నా చెప్పారా" అని కూడా అడగాలి.

కాబట్టి నా ప్రతిపాదనలు నాలుగు.

1. ఫలితాలొచ్చిన రోజు ఎవరికి ఎన్ని బ్యాక్‌లాగ్స్ అని స్క్రీన్‌షాట్లు గ్రూపుల్లో తిప్పడం ఆపుదాం. జోక్ అనే పేరుతో కూడా వద్దు. ప్రైస్‌ని హేళన చేసినోళ్లూ సొంతూరి వాళ్లే.

2. ప్రతి సీనియర్ తన కాలేజీలో ఇద్దరు ఫస్టియర్ పిల్లలను తీసుకోవాలి. "ఏదైనా ఉంటే అడుగు తమ్ముడూ" అని చెప్పి వదిలేయొద్దు, వాళ్లకు అడగడం కూడా రాదు. వారంలో ఒక రోజు, ఒక గంట, ఒక సబ్జెక్టు. అక్కలు చెల్లెళ్ల హాస్టళ్లలో ఇది ఇప్పటికే చేస్తున్నారని విన్నా, వాళ్ల దగ్గర నేర్చుకుందాం. సుజుకి పక్కన నిలబెట్టడం అంటే ఇదే.

3. మొదటి రెండు నెలలు ఇంగ్లిష్‌కి, లెక్కలకు బ్రిడ్జ్ క్లాసులు కావాలని కాలేజీలకు, సంక్షేమ శాఖకు రాతపూర్వకంగా అడుగుదాం. మెస్ బాగాలేదని మెమొరాండం ఇస్తాం గదా, చదువు అర్థం కావట్లేదని కూడా ఇద్దాం. సీటిచ్చినోళ్ల బాధ్యత సీటుతో అయిపోదు.

4. ఎవరైనా కోర్సు మారితే, ఇంజనీరింగ్ వదిలి డిగ్రీకో ఐటీఐకో పోతే, ఒక ఏడాది ఆగి మళ్లీ రాస్తే, "పడిపోయిండు" అనొద్దు. కింది లీగ్‌కి పోయినవాళ్ల కథలు పైన చెప్పాను.

ఒక్క మాట ఫస్టియర్ తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. మీకు 18 ఏళ్లు. మొదటి సెమిస్టర్ 39 మ్యాచ్‌లు, 10 పాయింట్ల లాంటిది. అది మీ గురించి కొంత నిజం చెప్తది, మొత్తం చెప్పదు. ఏ సబ్జెక్టులో ఏ చాప్టర్ దగ్గర ఆగిపోయారో కాగితం మీద రాసుకుని, ఆ కాగితం పట్టుకుని రండి. "నాకేం రాదన్నా" అంటే సాయం చేయడం కష్టం. "ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ దగ్గర ఆగిపోయిన" అంటే ఆ సాయంత్రమే కూర్చోవచ్చు.

సీనియర్లు కామెంట్‌లో మీ కాలేజీ, మీరు చెప్పగలిగే సబ్జెక్టు రాయండి. ఫస్టియర్ వాళ్లు ఇబ్బందైతే పేరు రాయొద్దు, అడ్మిన్లకు విడిగా మెసేజ్ పెట్టండి. ఆదివారం లోపు జతలు కలుపుదాం. నేను మ్యాథ్స్, ఫిజిక్స్ చెప్తా, ఇద్దరికి.

జై ఆదివాసీ.